ఎర్రదీపం వెలిగితే ఆగినట్టే

ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి చూసి ఉంటారు. పేకాటలో పొలం పోగొట్టుకున్నవాణ్ణీ చూసి ఉంటారు. ఒక మనిషి బతుకంతటినీ ఆవిడ ఎదురుగానే కూర్చుని, ఎనిమిదేళ్ళపాటు, ఎంతో శ్రద్ధగా పోగొట్టినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇప్పుడు చూడండి. నేనే.

రాయపూర్ గుఢియారీలో మా వీధి మొత్తానికి సువార్తమ్మగారే పిన్ని. కాకినాడ వైపు నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి రైల్వే కుటుంబాల్లో సగం మందిని భూమ్మీదకు లాగింది. నన్ను కూడా. అందుకు తర్వాత చాలాసార్లు విచారించింది. ఆవిడ రిటైరయ్యాక, ఆవిడ కథను ఆవిడ నోటితోనే చెప్పించి డాక్యుమెంటరీ తీయాలని నాకు బుద్ధి పుట్టింది. అప్పటికి నేను రైల్వే పార్సిల్ ఆఫీసు గుమాస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో వీడియో కెమెరా కొన్నాను. ఎలా వాడాలో చెప్పే పుస్తకం మాత్రం అమ్మినవాడు ఇవ్వలేదు. వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

కెమెరాకు కన్ను ఆనిస్తే లోపల ఓ మూల చిన్న ఎర్రదీపం. మా నాన్న సిగ్నల్ కేబిన్‌లో పనిచేశాడు. ఎరుపంటే ఆగడమని నేను అఆలకంటే ముందే నేర్చుకున్నాను. కనుక దీపం వెలిగితే కెమెరా ఆగినట్టు, ఆరితే నడుస్తున్నట్టు అని తేల్చుకున్నాను. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి. ఆ కెమెరా చేసినవాడు ఏనాడైనా రైలెక్కాడా?

మొదటి ఆదివారం కెమెరా పెట్టగానే దీపం కనబడలేదు. అయ్యో, అప్పుడే నడిచిపోతోందని టక్కున మీట నొక్కాను. ఎరుపు వెలిగింది. హమ్మయ్య, ఆగింది.

"ఒరేయ్, ఆరంగ్ దగ్గర గూడ్సుబండి గార్డు పెట్టెలో కాన్పు చేశాను. ఆ కథ చెప్పనా?" అంది పిన్ని.

"ఆగు పిన్నీ! ఇప్పుడే చెప్పకు, కెమెరా ఆగి ఉంది." మీట నొక్కాను. ఎరుపు పోయింది. "ఆఁ, ఇక చెప్పు!"

గంటసేపు చెప్పింది. నవ్వింది, ఏడ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. అంతా అయ్యాక మళ్ళీ మీట నొక్కి, ఎరుపు చూసుకుని, తృప్తిగా నిట్టూర్చాను.

మా బావమరిది భాస్కర్ ఊరుకోడు కదా! "బావా, ఏక్ బార్ టేపు చూసుకోరాదూ? స్టేషన్ దగ్గర వీసీఆర్ కిరాయికి దొరుకుద్ది."

"అంటే నాకు తీయడం రాదనా?"

"అరే, అలా అన్నానా నేను?"

"నువ్వు అనలేదు. నీ మొహం అంది."

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను: సినిమా మొత్తం పూర్తయ్యేదాకా ఒక్క అంగుళం టేపు కూడా చూడను. దీన్ని మా ఇంట్లో మొండితనం అంటారు. నేను ఆత్మగౌరవం అంటాను. ఆ ఆత్మగౌరవం ఎనిమిదేళ్ళు నడిచింది.

అలా తీస్తున్న ఎనిమిదో ఏట పిన్ని మాటల మధ్య ఆగి, దారి తప్పినట్టు అటూ ఇటూ చూడడం మొదలుపెట్టింది. "చాల్లేరా తీసింది. నేనుండగానే చూపించు. నేనేం చేశానో మా చెల్లెలి పిల్లలకి కూడా తెలీదు" అంది.

తెలుగువాళ్ళ సంఘం హాల్లో టీవీ పెట్టించాను. ఆ చెల్లెలి పిల్లలు వచ్చారు, వీధంతా వచ్చింది. టేపు తిరిగింది.

తెరమీద పిన్ని: "ఆ కథ చెప్పనా?" వెనక నా గొంతు: "ఆగు పిన్నీ! ఇప్పుడే చెప్పకు." పిన్ని నోరు మూసుకుంది. ఆ వెంటనే నా గొంతే: "అబ్బ, ఏం చెప్పావు పిన్నీ! ఇలా ఇంకెవరూ చెప్పలేరు!"

తర్వాత నా చెప్పులు. గోడ. గేదె వీపు. దానిమీద పావుగంటసేపు నా గొంతు: "ఆ భాస్కర్‌గాడి మొహం చూశావా పిన్నీ? వంకాయకి కళ్ళు పెట్టినట్టు! నాకు సలహా చెప్తాడట!"

హాలు గొల్లుమంది. ముందు వరసలోంచి భాస్కర్ వెనక్కి తిరిగి, "బావా, ఎనిమిదేళ్ళూ ఇదేనా తీశావ్?" అన్నాడు.

ఇదే. టేపు తర్వాత టేపు మార్చాం. అన్నిట్లోనూ ఇదే. నేను ఆగిందనుకున్నప్పుడల్లా కెమెరా నడిచింది, నడుస్తోందనుకున్నప్పుడల్లా ఆగింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను పిన్ని కుర్చీ దగ్గర చతికిలబడ్డాను.

"పిన్నీ, మళ్ళీ మొదటినుంచి చెప్పు. ఆరంగ్ సంగతి."

పిన్ని నాకేసి వంగింది. "ఆరంగా? అక్కడేం జరిగిందిరా?"

"కాన్పు పిన్నీ! గూడ్సుబండిలో!"

"అలాగా..." నా తల నిమిరింది. "ఏమోరా. నీ పెట్టెలో పెట్టేశావుగా అని నేను మోయడం మానేశాను."

అప్పుడు భాస్కర్, ఈసారి వెటకారం లేకుండానే, "నువ్వు ఎదురుగానే ఉన్నావ్ గదా బావా? విన్నది రాసెయ్, బస్, అంతే" అన్నాడు.

జేబులోంచి పెన్ను తీశాను. ఎనిమిదేళ్ళు ఆవిడ ముందు కూర్చున్నది నేనే. కానీ అంతసేపూ ఆ దీపం మళ్ళీ వెలుగుతుందేమోనని దాన్నే కాపలా కాశాను. గూడ్సుబండిలో పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు.

అందుచేత సమస్త పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాతో ఎవరు ఏం చెప్పబోయినా, చేతిలో ఏమీ పట్టుకోకుండా, రెండు చెవులూ అప్పగించి కూర్చుంటాను. చెప్పేవాడు భాస్కర్ అయినా సరే. అతను మాత్రం క్లుప్తంగా ముగించాలి.