అడుగు లేని జేబు

పోయిన వారం అమలాపురంలో డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, తమ కాలేజీలోని వికలాంగ విద్యార్థులకు ఉద్యోగాలు ఎలా సంపాదించుకోవాలో నాలుగు మాటలు చెప్పమని అడిగింది. సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "దరఖాస్తులో మన లోపం సంగతి ముందే రాసేయాలాండీ, ఊరుకోవాలాండీ?" అంది. ముప్పయ్యేళ్లుగా నన్ను తికమక పెడుతున్న ప్రశ్న అదే. జవాబు నాకూ తెలియదు కనుక, జరిగిందైనా ఉన్నదున్నట్టు రాసిపెట్టాలనిపించింది.

మూడో ఏట పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. చేత్తో తొడను అదిమిపట్టుకుంటే తప్ప అడుగు పడదు. కాలు తీసుకెళ్లలేని చోట్లన్నీ కొత్తపేట గ్రంథాలయంలోనే చూశాను. కాలేజీలో చెప్పనివి చాలా ఆ బెంచీ మీదే నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. తొంభైల నడుమ, డిగ్రీ చివరి ఏడాదిలో, అట్ట ఊడిన పుస్తకమొకటి అక్కడ దొరికింది. ఇంటర్వ్యూకి వెళ్లేవాడు నిటారుగా నడవాలనీ, బలహీనతలు ఎక్కడా బయటపెట్టకూడదనీ అందులో ఉంది. నాలాంటివాడు నిటారుగా ఎలా నడవాలో మాత్రం ఎక్కడా లేదు.

ఆ లోటు నేనే పూరించాలనుకుని, కుట్టుమిషను పెట్టుకున్న మా మావయ్య దగ్గరికి వెళ్లి ప్యాంటు ఎడమ జేబుకి అడుగు కోసేయమన్నాను. లోపల చెయ్యి కాలిని పట్టుకుంటుంది, పైకి దర్జాగా జేబులో చెయ్యి పెట్టుకున్నట్టుంటుంది.

"అడుగు లేని జేబులో జీతం ఎక్కడ దాస్తావురా అల్లుడూ?" అన్నాడాయన.

"ముందు రానియ్యి మావయ్యా!"

నాన్న పోయాక అమ్మ ఆ మిషను పక్కనే కూర్చుని కాజాలు కుట్టి నన్ను చదివించింది. ఉద్యోగం వస్తే ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టించాలని నా ఆశ. నెల్లాళ్లు కాలవగట్టు మీద ఆ నడకే సాధన చేశాను.

అమలాపురంలో ఒక ఆఫీసులో గుమాస్తా పనికి పిలుపు వచ్చింది. దరఖాస్తులో కాలి ఊసెత్తలేదు. లోపలికి వెళ్తే ముగ్గురు పెద్దలు; అడుగులు చక్కగానే పడ్డాయి. కానీ మన వైపు పెద్దవాళ్ల ముందు రెండు చేతులూ జోడించనిదే ఎవరూ నోరు విప్పరు కదా, ఆ సంగతి పుస్తకానికి తెలియదు, నాకు తట్టలేదు. కుడిచెయ్యొక్కటే ఎత్తాను.

మధ్యలో కూర్చున్నాయన, "ఏవండీ, ఆ చెయ్యి బయటికి రాదాండీ? అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా నిలబడ్డారు!" అన్నారు. పక్కవాళ్లు నవ్వేరు.

చెబితే పుస్తకం తప్పినట్టు, చెప్పకపోతే మర్యాద తప్పినట్టు. ఎటూ తేల్చుకోలేక చెయ్యి బయటికి తీసి నమస్కారం పెట్టాను. కాలు మడతపడి, బల్ల అంచు పట్టుకుని కూలబడిపోయాను.

ఆయనే గబగబా వచ్చి లేవదీసి, "ముందే చెప్పొచ్చు కదండీ" అన్నారు నొచ్చుకుంటూ.

"ఆయ్" అన్నాను, అవునన్నట్టు తలూపుతూ.

ఆ ఉద్యోగం రాలేదు. కాలు చూసి వద్దన్నారో, దాచానని వద్దన్నారో తెలియదు. మరుసటేడు ఇంకోచోట కాలి సంగతి మొదటే రాశాను. వికలాంగుల కోటాలో ఉద్యోగం వచ్చింది, అమ్మ సూది పక్కన పెట్టింది. అయితే చదువు చూసి ఇచ్చారో, కాలు చూసి ఇచ్చారో, ఇన్నేళ్లు పనిచేసినా అదీ నాకు తేలలేదు.

గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ గారికి, జేబు కోసిన మావయ్యకి, అమ్మకి, నన్ను లేవదీసిన ఆ పెద్దాయనకి నమస్కారాలు. ఆఖరున ఆ అమ్మాయికి కూడా. ఆ రోజు చంకలో కర్రతో మా గుమ్మంలోకి వస్తూ, ఒంటిచేత్తో దండం పెట్టి, "రెండోది ఖాళీ లేదండీ" అని నవ్వేసింది. అంత చిన్న మాట, నేను చదివిన అన్ని బీరువాల్లోనూ నాకు దొరకలేదు.