రాజమ్మ వదినె నీలం గుత్తి

మా ఆయన ఉన్నన్ని రోజులు పొద్దుగాల నా చేతి చాయ్ ఆయనకు రెండో చాయ్. మొదటిది రెండిండ్ల అవతల వాళ్ళక్క రాజమ్మ గడపల కూసొని తాగొచ్చేటోడు. ఇప్పుడు రాజమ్మ వదినెనే మా ఇంటికొస్తది. ఆయన కూసునే పీట మీద కూసొని, "శాంతా, చక్కెర జర తక్కువెయ్యి" అంటది. ఆయనకెంత వెయ్యాల్నో నా చేతికి తెల్సు. ఈమెకెంతనో ఇంకా తెల్వదు. తెల్సుకోబుద్ధి కాదు.

వదినె గురించి మా భవాని పేట్‌ల ఎవలనన్న అడగండి, మంచే చెప్తరు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి మగ్గం మీదనే ఒరిగిపోయిండు. అప్పటికి తమ్ముడు అంబాదాస్, అదే మా ఆయన, నిక్కరేసుకునే పిల్లగాడు. బీడీలు చేసి వాన్ని సాకింది. ఇప్పటికి గూడ మనతోటి మాట్లాడుకుంటనే ఆకు కత్తిరిస్తది, తంబాకు నింపుతది, దారం చుడ్తది. చూపు చాట మీదుండదు, మన మొఖం మీదుంటది. పెండ్లయి, మొగడు పోయినంక, మళ్ళ తమ్ముడున్న గల్లీకే వచ్చి ఇల్లు పట్టింది.

మా ఆయన పోయిన్నాడు గూడ వదినె ఏడ్పే దూరంల ఉన్న కొంతం చౌక్ దాక ఇనబడ్డది. నలుగురు పట్టుకున్నరు. నేను గోడకొరిగి కూసున్న. వచ్చినోళ్ళు "అక్క పానం ఎట్ల కొట్టుకుంటుందో" అనుకుంట పోయిన్రు. నా పానం ఎవలకు కనబడలే.

ఇగ పువ్వు సంగతి. ఆయన చద్దర్ల కార్ఖానాల నూలుకు రంగేసేటోడు. ఒకసారి దోస్తులతోటి కొండల మీది మహాబళేశ్వర్ పోయి, ఒక మొక్క తెచ్చిండు. హైడ్రాంజియా అంటరట. మా నోరు తిరగక గుత్తిపువ్వు అన్నం. ఎండ తగలకుండ మెట్ల కింద పెట్టిండు. అది పెరిగినంక కొమ్మ తుంచి వాళ్ళక్కకు గూడ ఒక కుండీల నాటిండు. వానలు వడంగనే రెండిండ్లల్ల నీలం గుత్తులు, ఒక్కోటి కొబ్బరికాయంత. గల్లీ గల్లీ వచ్చి చూసిపోయేది. నీళ్ళు ఆయననే పోసేటోడు. నన్ను ముట్టనియ్యకపోయేది.

ఆయన పోయినంక వచ్చిన వానకాలం నా కుండీల గులాబీ రంగు పూసింది. వదినె గడపల మాత్రం అదే నీలం.

మా గల్లీ యల్లమ్మ రెండు కుండీలు చూసి, నల్లా కాడ నవ్వింది. "అగ బాయి, ఓయమ్మా! శాంతక్కా, నీది కచ్చా రంగు, దిగిపోయింది. రాజమ్మది పక్కా!"

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. బిందె ఎత్తుకొని ఇంటికొచ్చి, తలుపేసుకొని ఏడ్చిన. పోయేటోడు పోతపోత రంగు గూడ అక్కకే ఇచ్చిపోయిండా అని.

రంగు దిగితే మళ్ళ ఎయ్యాలె. మా ఇండ్లల్ల తెల్సింది అదే. కార్ఖానాకు పోయి, ఆయనతోటి పనిచేసిన నర్సయ్యను నీలం రంగు నీళ్ళు ఒక డబ్బాల నింపియ్యమన్న.

"ఏం వదినె, ఇంట్లనే చద్దర్లు మొదలువెడ్తున్నవా?"

పువ్వుకని చెప్పబుద్ధి కాలే. "ఉన్నదిలే పని" అన్న.

ఉప్పు లేకుంటే నూలు రంగు పట్టదని ఆయన అంటుండె. అందుకని పిడికెడు ఉప్పు గూడ కలిపి కుండీల పోసిన. పువ్వు గులాబీ గులాబీగనే ఉన్నది. కింద బండలు నీలమైనయ్. తెల్లారి చూస్తే ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకున్నయ్.

చాయ్‌కి వచ్చిన వదినె గడపలనే ఆగిపోయింది. "ఓ పిల్లా! ఏం పోసినవే దీనికి?"

చెప్పిన.

"రంగా? ఉప్పేసి? నీ పాడుగాను! ఇది చెట్టే, చద్దరి గాదు!"

నల్లా మళ్ళ ఎల్లుండి గాని రాదు. అయినా తన డ్రమ్ముల దాచుకున్న నీళ్ళు బకెట్లతోటి మోసుకొచ్చి పోసింది. నూలు జాడిచ్చినట్టు, కుండీ కింది బొక్కల నుంచి నీలం పోయి తెల్లనీళ్ళు వచ్చేదాక పోసింది. ఆఖరికి నడుం పట్టుకొని మెట్టు మీద కూలవడ్డది. ఆ మంచితనం చూస్తే గూడ నాకు కడుపుల మండింది. నీళ్ళు ఆమెయి, నడుం ఆమెది, తమ్ముడు ఆమె తమ్ముడు. నాదేమున్నది ఇందుల?

"నీకైతే చెప్పిండు గదా" అన్న. "ఏం పోసేటోడో. నాకు చెప్పలే."

వదినె కొంగుతోటి చేతులు తుడుసుకున్నది. "పటిక. ఐతారం ఐతారం పటిక కరిగిచ్చిన నీళ్ళు. ఇది మన మట్టికి, మన నీళ్ళకు గులాబీనే పూస్తదట. పటిక పోస్తె నీలం అయితది."

"మరి గులాబీనే పూయనియ్యకపోయిండా?"

వదినె కాలిన ఆకొకటి తుంపింది. "నేనే అన్ననే, నీలం గావాలె అని. అయ్య నా పెండ్లికి నీలం చీర నేస్తనన్నడు. పడుగు గూడ పెట్టిండు. నెయ్యకముందే పాయె. గది తమ్ముడు మనసుల పెట్టుకున్నడు."

"మరి నా కుండీల ఎందుకు పోసిండు?"

"బకెట్ల కలిపినంక మిగుల్తయ్ గదనే" అన్నది వదినె, చిన్నగ.

ఇన్నేండ్లు ఆ నీలం ఆయన నాకిచ్చిందనుకొని మురిసిన. అది అక్క అడిగిన రంగు. నాకొచ్చింది బకెట్ల మిగిలింది. నీకే రంగు గావాలె అని నన్ను ఎవలు అడగలే. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెల్వదు.

మొక్క బతికింది. కొత్త చిగుర్లేసింది. వదినె కిరాణా దుకాణంల పటిక దంచిపిచ్చి, పొట్లం కట్టి మా గూట్ల పెట్టింది. "మొగ్గ రాకముందే మొదలువెట్టు. బకెట్‌కు ఒక చెంచ చాలు. మల్ల ఎన్కటి లెక్క పూస్తది."

ఇయ్యాల ఐతారం. వదినె తన కుండీకి పోసుకొని, అక్కణ్ణుంచే కేకేసింది. "శాంతా! పటిక పోసినవా?"

"పొయ్యలే వదినె."

"మర్సినవా?"

"మరువలే."

గల్లీల నడిచే కరెంటు మగ్గాల, సాంచల చప్పుడుల ఆమె మళ్ళేమన్నదో ఇనబడలే. పొట్లం గూట్లనే ఉన్నది, కట్టిన ముడి కట్టినట్టే.