పీట మీద కూర్చోబెట్టిన మేనత్త

మా మేనత్త ఆదివారం పొద్దున ఎమ్మిగనూరులో కన్నుమూసింది. ఆ కబురు నాకు మా లాయరు గుమాస్తా చెప్పాడు. మా నాన్న తోబుట్టువు పోతే ఆ ఇంటి నుంచి మాకు ఫోన్ రాలేదు, రావాలని ఆశపడే మొహం కూడా నాకు లేదు. ఆదోని కోర్టులో ఆమె వాది, నేను ప్రతివాదిని. కడసారి చూద్దామని బయల్దేరి, వాళ్ళ వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చేశాను.

అత్త గోనెగండ్లలో టీచరుగా చేసింది. టెన్త్ పరీక్షలకు నేను ఆమె ఇంట్లోనే ఉండి చదివాను. నిద్ర లేపి, వేడివేడి ఉగ్గాని ముందు పెట్టి, నేను తింటున్నంతసేపూ లెక్కలు అడిగేది. తప్పు చెబితే ప్లేటు వెనక్కి లాగేది, మళ్ళీ తనే నవ్వి ముందుకు తోసేది.

ఆదోనిలో బట్టల అంగడి పెడతానంటే రిటైర్మెంటు డబ్బంతా ఇచ్చింది. కాగితం రాసుకుందామని మాట వరసకు అన్నాను.

"నీకు ఈలైనప్పుడు ఇయ్యప్పా. మన మధ్య కాగితమేంది?" అంది. నేను రెట్టించలేదు.

అంగడి తెరిచిన రోజు, నాన్న లేడు కాబట్టి పూజకు ఆమెనే కూర్చోమన్నాను. ఆమె వెనకాడింది. "మీ మామ పోయినాక నన్నెవురూ పీట మీద కూర్సోబెట్టలేదు నాయనా" అంది. బలవంతంగా కూర్చోబెట్టి ఫొటో తీయించాను. ఆ రోజు ఆమె మొహం చూసి నేను మంచివాడిననే అనుకున్నాను.

తర్వాత ఎప్పుడొచ్చినా, బేరాలుంటే మెట్టు మీదే నిలబడేది. జాకెట్టు గుడ్డ తీసుకున్నా పూర్తి ధర ఇచ్చేది. భాగస్తురాలైతే అట్లా ఇస్తుందా? నాకు తెలియనిదేం కాదు.

అంగడి మునిగింది. మోకాళ్ళ ఆపరేషన్‌కని అత్త డబ్బు అడిగింది. నేను ఫోన్ తీయడం మానేశాను. చివరికి వాళ్ళమ్మాయి కేసు వేయించింది. అప్పని రాసిన కాగితం లేదు కాబట్టి అది పెట్టుబడి అందామన్నాడు మా లాయరు. పెట్టుబడైతే నష్టంతో పాటే పోతుంది, తిరిగి ఇవ్వక్కర్లేదు. అంగడిలో ఆమెకూ భాగముందనడానికి సాక్ష్యంగా ఆ పూజ ఫొటో నేనే వెతికి ఇచ్చాను.

"పీట మీద ఉన్నది మీరేనా?" అని కోర్టులో బోనెక్కిన అత్తను మా లాయరు అడిగాడు.

"నేనే సామీ. పెద్దదిక్కుగా కూర్సోమంటే..."

"అవునా కాదా, అంత చాలు."

"అవును."

బయటికొచ్చాక నా పక్కన ఆగి, "ఆ పొటోలో నా సీర బాగుంది కదప్పా" అంది. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను, అయినా కేసు మాత్రం వదల్లేదు.

నిన్న వాయిదా. ఆమె లాయరు ఇంకా రాలేదు. అటెండరు వరండాలోకొచ్చి అత్త పేరు పిలిచాడు. మామూలుగా అయితే గోడ పట్టుకుని లేచి, "వస్తాండా సామీ" అనేది. అతను మళ్ళీ పిలిచాడు.

"ఆమె లేదు సార్. ఆదివారం పోయింది" అన్నాను.

"నువ్వు ఆమెకేమైతావు?"

పక్కనే మా లాయరు ఉన్నాడు. మేనల్లుడినని చెప్పడానికి నోరు రాలేదు.

"ఆమె దగ్గర అప్పు తీసుకున్నోన్ని."

లాయరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. అటెండరుకు ఇవేవీ పట్టలేదు. "అట్లయితే లోపలికొచ్చి జడ్జిగారికి ఆ మాటే సెప్పు" అని, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.