మన తెలుగు లైబ్రరీలో అమ్మ

నిన్న మా వీధి లైబ్రరీలో ఎవరో బెంగాలీ రచయిత సభ జరుగుతోంది. గుమ్మం దగ్గర రజనీగంధ పూల వాసన తగిలి, అక్కడే నిలబడిపోయాను.

బెంగాల్‌లో, ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో పెరిగిన నా ఈడువాళ్లూ, మన చిన్న తెలుగు లైబ్రరీ గుర్తుందా? నేల మీద జంపఖానా, ఇనప బీరువాలు, గరగరమనే మైకు! ఒకసారి శ్రీకాకుళం నుంచి ఒక రచయిత వస్తే ఇవే పూలతో దండ వేశారు. చదువు రాని మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంది. నాన్న డాక్‌లో డ్యూటీకి, నేను బడికి వెళ్లిపోతే ఆమె ఇంట్లో ఒక్కతే ఉండేది.

సభ అయిపోయి అందరూ వెళ్లిపోయినా అమ్మ లేవలేదు. చెప్పులు వేసుకుంటున్న ఆ రచయితతో, "బాబూ, ఇంకాసేపు మాటాడండి," అంది.

"ఏటి మాటాడమంటావమ్మా?"

"ఏదైనా పర్లేదు బాబూ. మనూరి మాట ఇని సేన్నాళ్లయిపోనాది."

ఆయన చెప్పులు విప్పి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. జీడితోటల గురించి, వానల గురించి చెబుతుంటే అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కండక్టర్ ఏదో అడిగాడు. అమ్మ ఎప్పటిలాగే నా వైపు చూసింది. నేనే బెంగాలీలో జవాబు చెప్పాను.