లేతగానే తాగాల్సిన ద్రాక్షారసం

ఈ రోజు మా అబ్బాయి జోజి మన రొంపిచెర్ల చర్చి గుడిలో కొత్త ఫాదరుగా తొలి పూజ చేశాడు. నా ఆనందం ఏమని చెప్పను! మన విచారణలోని గుళ్ళన్నీ చూసే ఫ్రాన్సు దేశపు ఫాదరుగారు తమ ఊరి ద్రాక్షారసం సీసా ఒకటి పోయిన క్రిస్మస్‌కు నాకిచ్చారు. పాత బియ్యంలాగా ఆగేకొద్దీ బాగుంటుందనుకుని పెట్టెలో దాచాను. విందయ్యి జనమంతా వెళ్ళాక తీసి జోజికి చూపించాను.

“ఫాదరుగారూ, మళ్ళీ మీరొచ్చినప్పుడు తాగుదాం,” అన్నాను.

“నన్ను మీరంటావేంది నాన్నా! ఇది లేతగా ఉన్నప్పుడే తాగాలంట. నన్ను వేసిన బీహారు గుడి నుంచి మళ్ళీ వచ్చేతలికి మూడేళ్ళు పట్టుద్ది. రుచంతా పోద్ది,” అన్నాడు.

మూడేళ్ళా! అక్కడికక్కడే బిరడా పీకాను. అచ్చం నేరేడుపండ్ల రసమే, చానా బాగుంది! చెరో గ్లాసు తాగాం. నడికుడిలో రైలందుకోవాలని వాడు బస్సెక్కేశాడు.

వాళ్ళమ్మ లేని ఇంట్లో ఇప్పుడు నేనూ, సగం సీసా మిగిలాం. మూత తీసింది ఎల్లుండికల్లా పులుస్తుందట. అందుకే ఈ కాగితం రాసి గుడి తలుపుకు అంటిస్తున్నాను. రేపు పొద్దు వాలాక మా ఇంటికి రండి. గ్లాసులు మీరే తెచ్చుకోండి. వాడి చిన్నతనం ముచ్చట్లు ఎవరికైనా గుర్తుంటే, అవి కూడా.