గోడెక్కిన చెయ్యి

మొన్న కావలి నుంచి వస్తుంటే బస్సులో ఎవరి సంచిలోంచో ఎండు నెత్తళ్ల వాసన గుప్పుమంది. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గాని, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అరవైల్లో బోగోలు దగ్గర మా పల్లె, ఇసకలో ఆరబోసిన చేపలు, కాకుల్ని తోలుతూ ఎగిరే మేము, చింతపండు పులుసులో ఉడికే కానాగంతలు, పొద్దున్నే చేపల గంపలెత్తుకొని వరసగా ఊళ్లమీదికి పోయే ఆడవాళ్లు, ఆ వరసలో అందరికంటే ముందు మా అమ్మ, అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి.

నా చిన్నతనంలోనే అమ్మకు రాచపుండు, అదే క్యాన్సరు, వచ్చింది. మద్రాసులో ఎడమ రొమ్ము తీసేశారు. ఇంటికొచ్చాక ఆ పక్క చెయ్యి భుజం దాటి లేవలేదు. నిండు గంపను నెత్తిన నిలపాలంటే రెండు చేతులూ పైకి లేవాలి. ఇక గంప మొయ్యలేనేమోనని అమ్మ గుంజకానుకొని కూచుంటే నాకు భయమేసేది. అంటుకుంటుందని కొందరు మా గడప తొక్కడం మానేశారు. పక్కింటి కాంతమ్మత్త మాత్రం తన చాప తెచ్చి అమ్మ పక్కనే వేసుకుంది.

కాంతమ్మత్త నోట్లో మాట ఆగదు. చేపలతోపాటు అమ్మ సంగతి కూడా ఊరూరా మోసింది. బోగోలులో రవికలు కుట్టే ఎస్తేరమ్మ గారు అది విని, క్రిస్మస్‌కు చేసిన కజ్జికాయలు డబ్బా నిండా పోసుకొని, మోకాళ్లదాకా చీర ఎత్తిపట్టుకొని ఇసకలో నడిచొచ్చారు. మగవాళ్లను బయటికి పంపి, తన రవిక పక్కకు జరిపి చూపించారు.

"నాకూ తీసేసినారమ్మా. బతికే ఉండాను గదా. లే, గోడ కాడికి రా."

తనలాంటి మనిషిని అమ్మ చూడడం అదే మొదలు. ఎస్తేరమ్మ గారు చెప్పినట్టు గోడమీద వేళ్లను మెల్లగా పైకి పాకించింది. అందినంత ఎత్తులో కాంతమ్మత్త సున్నంతో గీత గీసింది.

ఇక మాకు రోజూ తిరనాళ్లే. సాయంత్రం ఖాళీ గంపలతో తిరిగొచ్చే ఆడవాళ్లు ముందు మా ఇంట్లోనే చతికిలబడేవాళ్లు. గడప తొక్కనివాళ్లు కూడా వేడుక చూడకుండా ఉండలేక మొదట గుమ్మం దాకా, తర్వాత లోపలికే వచ్చేశారు. అమ్మ నొప్పికి పళ్లు బిగబట్టేది, మేమంతా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరిచేవాళ్లం. ఒకరోజు కాంతమ్మత్త గీతను జానెడు పైకి గీసేసింది. అమ్మ పట్టేసింది.

"నేనందుకోని గీత గీస్తావేంది వదినా?"

"ఈరోజు గాకపోతే రేపందుకుంటావులే మే."

అమ్మకు రోషం పొడుచుకొచ్చింది. ఎండలు ముదరకముందే ఆ గీత కూడా దాటేసింది. మర్నాడే గంప తీసింది. సగానికే చేపలు పోస్తుంటే ఊరుకోలేదు.

"నింపండి మే. సగం గంపకేనా నేనింత ఏడ్చింది?"

నింపి, ఇటొకరు అటొకరు పట్టి ఎత్తారు. అమ్మ రెండు చేతులూ లేచాయి, గంప కదలకుండా నిలిచింది. నేను ఊరి చివరిదాకా వెనకే పరిగెత్తాను. ఆ తర్వాత ఏ ఊళ్లో అలాంటి ఆపరేషనైన ఆడమనిషి ఉందని తెలిసినా, అమ్మ బేరం మానుకొని ఆ ఇంటికి పోయేది. ఆమెను గోడ దగ్గరికి లాక్కుపోతే గాని కదిలేది కాదు. ముసలిదై, మనవలతో పోట్లాడుతూ, హాయిగా బతికింది.

ఇప్పుడు చేపలు ఆటోల్లో పోతున్నాయి, మందులూ బాగుపడ్డాయి, సంతోషమే. కానీ ఆ జబ్బొస్తే ఎవరికీ చెప్పకుండా తలుపులు మూసుకుంటున్నారు. మా పక్కింటావిడ, నేను రోజూ పాలప్యాకెట్ల దగ్గర పలకరించుకునేవాళ్లం. ఆమెకు ఆపరేషనైందని నాకు ఆమె పోయాక తెలిసింది.