మూఢం పోయాక పెట్టిన తారీఖు

ఆటలు ఆడించడం తేలికే, తారీఖు పెట్టడమే చావు. పీఈటీగా ఎన్నో ఏళ్లు ఎండలో విజిల్ ఊదాను గానీ, మూడు జిల్లాల జూనియర్ కబడ్డీ పోటీలకు ఒక గ్రౌండూ ఒక తారీఖూ కుదర్చడంలో వచ్చినంత నీరసం నాకెప్పుడూ రాలేదు.

ఆ ఏడు కూడా జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. జనగామ తరఫున నేను, మహబూబాబాద్ నుంచి ఒక సారు, భూపాలపల్లి నుంచి ఇంకో సారు.

"మా గ్రౌండ్ల వడ్లు ఆరబోసిన్రన్నా. కాంటాలు అయ్యి వడ్లు అమ్ముడువొయ్యేదాక అడుగు పెట్టనియ్యరు," అన్నాడు మహబూబాబాద్ సారు.

మా జనగామలో గ్రౌండు ఖాళీగానే ఉంది, పిల్లలకు అన్నం పెట్టే దాతే లేడు. భూపాలపల్లిలో రెండూ ఉన్నాయి. అక్కడి దాత పెద్ద రైతు, రేపో మాపో ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న మనిషి. కాకపోతే అప్పుడు శుక్ర మూఢం నడుస్తోంది.

"మూఢంల రిబ్బన్ కత్తిరియ్యనంటుండు. గది పోయినంక ఎన్ని రోజులన్న ఆడిచ్చుకోండ్రి అంటుండు," అన్నాడు భూపాలపల్లి సారు.

మూఢంలో పెళ్లిళ్లు చేయరు, కొత్త ఇంట్లో పాలు పొంగించరు. కబడ్డీ కూతకు కూడా శుక్రుడి అనుమతి కావాలని నాకు అప్పుడే తెలిసింది. నవ్వాల్సిన సంగతే గానీ నాకు నవ్వు రాలేదు. మా జట్టులో నర్మెట్ట వైపు పల్లె నుంచి వచ్చే ఆడపిల్ల ఒకతి ఉంది. పోటీ మొదలైన రోజుకు పద్దెనిమిదేళ్లు నిండితే ఆడనివ్వరు. ఆమెకు ఆ మూఢం మధ్యలోనే నిండుతాయి. ఇక్కడ బాగా ఆడితే రాష్ట్ర జట్టు ఎంపికలకు పోవచ్చు, ఆమెకు అదే ఆఖరి అవకాశం. సెలవు రోజుల్లో తల్లితో పత్తి ఏరడానికి పోయే పిల్ల. పొద్దున ప్రాక్టీసుకు రాగానే అడిగే మాట ఒకటే.

"సార్, తారీఖు పడ్డదా?"

అందుకే హోటల్లో ఆ ఇద్దరితో, ముందు ఆడిద్దాం, రిబ్బను తర్వాత కత్తిరిద్దాం అన్నాను. భూపాలపల్లి సారు దాతకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"పిల్లల ఆట గాబట్టే చెప్తున్న సారూ. మూఢంల ఎవలకన్న కాలు ఇరిగితే ఆ పాపం నాకెందుకు?" అన్నాడాయన. ప్రేమగానే అన్నాడు. కసిరి ఉంటే నేనూ కసిరేవాణ్ని.

అయితే జనగామలోనే పెడదాం, ఎవరి సద్ది వాళ్లు తెచ్చుకుంటారు అన్నాను.

"మా కాళేశ్వరం దిక్కు పిల్లలు ఎన్ని పూటల సద్ది కట్టుకొస్తరన్నా? పాసిపోదా?" అన్నాడు భూపాలపల్లి సారు.

అదీ నిజమే. అక్కడ తప్పు మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. చివరికి ఆ పిల్ల సంగతి చెప్పాను. ఇద్దరూ "అయ్యో" అన్నారు. చాయ్ చల్లారింది. పోటీలు మూఢం పోయాక, భూపాలపల్లిలోనే అని తేలింది.

మర్నాడు ఆమె అడగకముందే చెప్పేశాను. "సరే సార్" అని గ్రౌండు చుట్టూ పరుగు మొదలుపెట్టింది. శుక్రుడి మీద, రిబ్బను మీద, ఆరబోసిన వడ్ల మీద కూడా కోపం వచ్చింది. కాసేపటికి కోపానికి కూడా ఓపిక చాలలేదు.

భూపాలపల్లిలో రిబ్బను కత్తిరించారు, దీపం పెట్టారు. మంచి గడియలో మొదలైన మొదటి ఆటలోనే ఒక పిల్లకు మడమ బెణికింది. దాతే తన కారులో దవాఖానకు తీసుకుపోయాడు. అన్నం మాత్రం కడుపు నిండా పెట్టాడు, ఆ మాట చెప్పకపోతే తప్పు.

నర్మెట్ట పిల్ల కూడా మాతో వచ్చింది. తనే వస్తానంది. గీత పక్కన కూర్చుని, మావాళ్లు కూతకు పోయినప్పుడల్లా తానూ ఊపిరి బిగబట్టింది. మేం ఓడిపోయాం.

తిరుగు బస్సులో నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. ఇప్పుడైనా ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్, వచ్చే ఏడు మూఢం ఎప్పుడొస్తదో ఇప్పుడే అడిగి పెట్టుకోండ్రి," అంది. "ఇగ మా చెల్లె ఆడుతది."